రాసినవాళ్లు వెళ్లిపోయాక కూడా నడవాలంటే

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు. ఈ విడత అంశం: ఏళ్ల తరబడి నిలిచే సాఫ్ట్‌వేర్, దాన్ని కట్టేవాళ్లకు ఉండాల్సిన పట్టింపులు.

ప్రశ్న: ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. టీమ్ లీడ్ ఏమో "కోడ్ శుభ్రంగా ఉండాలి" అంటారు, మేనేజరేమో "ముందు రిలీజ్ కానివ్వండి" అంటారు. ఇద్దరి మాటా సబబుగానే అనిపిస్తుంది. ఎవరి మాట వినాలి? ఇంజనీరుకు తనకంటూ కొన్ని విలువలుండాలంటారు, రోజువారీ పనిలో అవి ఎలా కనిపిస్తాయి?

జవాబు: ఇద్దరి మాటా వినండి, కాకపోతే వేర్వేరు విషయాల్లో. రేపు అరగంటలో మార్చుకోగలిగినదైతే మేనేజరు మాటే మాట. బటన్ రంగు, లోపలి ఫంక్షన్ పేరు, ఏ ఫైల్లో ఏముండాలన్నది, ఇలాంటివాటి మీద రెండు రోజులు వాదించుకోవడం వృథా. ఒకసారి బయటికి వెళ్తే వెనక్కి రానిదైతే లీడ్ మాట వినండి, రిలీజ్ రెండు రోజులు ఆగినా సరే. చాలా టీముల్లో ఇది తిరగబడి ఉంటుంది. ఫంక్షన్ పేరు మీద ఇరవై కామెంట్లు పడతాయి, కొత్త డేటాబేస్ టేబుల్‌కి మాత్రం ఒక్క "ఓకే"తో సరి.

వెనక్కి రానివి గట్టిగా లెక్కేస్తే అయిదారే: డేటాబేస్‌లో డేటా ఏ రూపంలో దాస్తున్నారు, బయటివాళ్ల ప్రోగ్రాములు మీదాంతో మాట్లాడే ఏపీఐ, ఐడీలు, ఫైల్ ఫార్మాట్, జనం ఫోన్లలోకి వెళ్లిపోయిన యాప్. ఈ చివరిదాన్నే తీసుకోండి. సర్వర్‌లో బగ్ ఉంటే ఐదు నిమిషాల్లో దిద్దుతారు. ఫోన్లో ఉన్న పాత యాప్‌ని అప్‌డేట్ చేసుకోనివాళ్లు నెలల తరబడి అదే వాడుతుంటారు. అందుకే "ఈ వెర్షన్ ఇక పనిచేయదు, అప్‌డేట్ చేసుకోండి" అని సర్వర్ చెబితే విని చూపించే స్క్రీన్ మొట్టమొదటి వెర్షన్‌లోనే ఉండాలి. దాన్ని రెండో వెర్షన్‌కి వాయిదా వేస్తే మొదటి వెర్షన్ వాళ్లకు కబురు పంపే దారే ఉండదు.

డబ్బు లెక్కలూ అంతే. ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యల్ని కంప్యూటర్ సుమారుగా దాచే పద్ధతి) 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. ఒక్క బిల్లులో ఇది కనిపించదు. లక్ష బిల్లులు కూడినప్పుడు, అకౌంట్స్ వాళ్లు రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టినప్పుడు బయటపడుతుంది. కాబట్టి మొత్తాన్ని ఆ కరెన్సీలోని అతి చిన్న యూనిట్‌లో పూర్ణాంకంగా దాచి, పక్కనే కరెన్సీ కోడ్ పెట్టండి. అన్ని కరెన్సీలకూ రెండు దశాంశాలే ఉంటాయనుకోకండి. జపాన్ యెన్‌కి అసలు లేవు, కువైట్ దీనార్‌కి మూడు. ఇక ఐడీలు మొదటి రోజు నుంచే 64 బిట్లలో ఉండాలి. 32 బిట్లయితే 2,147,483,647 దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాత ఒక్క రికార్డు కూడా చేరదు. సమయం విషయంలో జరిగిపోయినవాటిని యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) దాచండి. జరగబోయే అపాయింట్‌మెంట్లకు మాత్రం స్థానిక సమయం, టైమ్ జోన్ పేరు రెండూ దాచాలి. ఈలోగా ఏ ప్రభుత్వమో గడియారాల నిబంధన మార్చిందంటే, ముందే యూటీసీలోకి మార్చి పెట్టుకున్న సమయం గంట తేడాగా తేలుతుంది.

ఇక విలువలంటారా, గడువు మీదికొచ్చినప్పుడు కూడా మీరు వదలని పనులు ఏవో ఒక నెలపాటు గమనించండి. మీ విలువలు అవే. పైన చెప్పిన అయిదారూ ఆ జాబితాలో ఉంటే చాలు, మిగతావాటిలో సర్దుకుపోవచ్చు.

ప్రశ్న: మా ఆర్డర్ల టేబుల్‌లో మొత్తం ఇప్పటికే ఫ్లోట్‌లో ఉంది. దాదాపు 4 కోట్ల రికార్డులు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. సైట్ ఆపకుండా పూర్ణాంకంలోకి మార్చడం సాధ్యమేనా? కాలమ్ టైప్ మార్చే కమాండ్ ఒక్క లైనే కదా అని రాస్తే రివ్యూలో ఆపేశారు.

జవాబు: ఆపినవాళ్లకు థాంక్స్ చెప్పండి. ఆ ఒక్క లైను నడిచినంతసేపూ టేబుల్ మొత్తానికి తాళం పడుతుంది, చదవడం కూడా కుదరదు. పైగా డిప్లాయ్ (కొత్త కోడ్‌ని సర్వర్లకు ఎక్కించడం) జరిగేటప్పుడు కొన్ని సర్వర్లలో పాత కోడ్, కొన్నింట్లో కొత్త కోడ్ నడుస్తుంటాయి. కొత్త కోడ్ 19.99ని పూర్ణాంకంగా 1999 అని దాస్తే, పాత కోడ్ 1999ని చూసి అది 19.99 అనుకోదు, 1999 అనే అనుకుంటుంది.

సాధ్యమే, కాకపోతే నాలుగైదు డిప్లాయ్‌లు, మూడు నాలుగు వారాలు పడుతుంది. ముందు 64 బిట్ల పూర్ణాంక కాలమ్‌ని కొత్తగా చేర్చండి, ఖాళీగా ఉండనిచ్చేలా. ఈ కమాండ్ రెప్పపాటులో అయిపోతుంది గానీ, ఆ రెప్పపాటుకైనా టేబుల్ మీద పూర్తి లాక్ కావాలి. అప్పటికే ఎవరిదో పది నిమిషాల రిపోర్టు క్వెరీ నడుస్తుంటే మీ కమాండ్ దాని వెనక నిలబడుతుంది. మీ వెనక వచ్చే మామూలు క్వెరీలన్నీ మీ వెనక నిలబడతాయి. చూసేవాళ్లకు సైట్ పడిపోయినట్టే. కాబట్టి లాక్ టైమ్‌అవుట్ 2 లేదా 3 సెకన్లు పెట్టుకోండి. దొరక్కపోతే దానంతటదే విరమించుకుంటుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి.

తర్వాతి డిప్లాయ్‌లో కోడ్ రెండు కాలమ్‌లలోనూ రాయాలి, చదవడం మాత్రం పాతదాంట్లోంచే. ఇక్కడ తప్పిపోయేవి వెబ్ కోడ్ బయట ఉన్న చేతులు: రాత్రిపూట నడిచే జాబ్, రీఫండ్ స్క్రిప్ట్, సపోర్ట్ వాళ్ల అడ్మిన్ పేజీ. పాత కాలమ్ పేరు పట్టుకుని అన్ని రిపాజిటరీల్లోనూ వెతకండి. నమ్మకం చాలకపోతే డేటాబేస్‌లోనే ట్రిగ్గర్ పెట్టండి, ఎవరు రాసినా రెండూ నిండుతాయి.

అప్పుడు పాత రికార్డులు నింపాలి. ఒకే అప్‌డేట్‌తో 4 కోట్లూ కొట్టేయొద్దు. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే కొత్త ప్రతి రాసి పాతదాన్ని అక్కడే చచ్చినట్టు గుర్తుపెట్టడం. టేబుల్ దాదాపు రెట్టింపు ఉబ్బుతుంది, రెప్లికాలు (డేటాబేస్ నకళ్లు) వెనకబడతాయి, మధ్యలో ఆపితే చేసిందంతా పోతుంది. ప్రైమరీ కీ (ఒక్కో రికార్డుకూ ఉండే ఐడీ) వరసలో 5,000 చొప్పున తీసుకుని, ఒక్కో విడతకు ఒక కమిట్ (రాసింది ఖరారు చేయడం), విడత విడతకీ అరసెకను విరామం ఇవ్వండి. మొత్తం 8,000 విడతలు. ఒక్కోటి అరసెకను పట్టినా విరామంతో కలిపి రెండుంపావు గంటల్లో పూర్తవుతుంది. కొత్త కాలమ్ ఖాళీగా ఉన్నవాటినే తీసుకుంటే మధ్యలో ఆగినా వదిలిన చోటునుంచి సాగుతుంది. 100తో గుణించాక తప్పకుండా రౌండ్ చేయండి. 19.99ని ఫ్లోట్‌లో 100తో గుణిస్తే 1998.9999999999998 వస్తుంది. దశాంశాలు కత్తిరించారంటే 1998 మిగులుతుంది, అంటే ప్రతి అలాంటి బిల్లులోనూ ఒక యూనిట్ గల్లంతు.

నిండాక రెండు కాలమ్‌లకూ తేడా ఉన్న రికార్డులు ఎన్నో రోజూ లెక్కించండి. వారంపాటు సున్నా వస్తేనే ముందుకు. తేడా కనిపిస్తే సంతోషించండి, ఏదో స్క్రిప్ట్ దాక్కుని ఉందన్నమాట. తర్వాత ఫ్లాగ్ (ఆన్, ఆఫ్ చేసే స్విచ్ లాంటిది) వెనక పెట్టి చదవడాన్ని కొత్త కాలమ్‌కి మళ్లించండి, రాయడం ఇంకా రెండింట్లోనే. గొడవైతే ఫ్లాగ్ ఆపేస్తే చాలు. ఖాళీ ఉండకూడదన్న నిబంధన కూడా నేరుగా పెట్టకుండా, పాతవాటిని పరీక్షించని చెక్‌గా ముందు పెట్టి తర్వాత వ్యాలిడేట్ చేయండి. వెర్షన్ 12 నుంచీ ఆ చెక్ ఉంటే పోస్ట్‌గ్రెస్ మళ్లీ టేబుల్ అంతా చదవదు.

చివర్లో కాలు జారే చోటు ఒకటుంది. పాత కాలమ్‌కి "ఖాళీ కుదరదు" అన్న నిబంధన ఉండి, మీరు దాంట్లో రాయడం ఆపేస్తే ఆ క్షణం నుంచి ఒక్క ఆర్డరూ పడదు. ముందు ఆ నిబంధన తీసేసి, తర్వాత రాయడం ఆపి, ఒకటి రెండు వారాలు చూసి, అప్పుడు కాలమ్ తీసేయండి. ఆ ఆఖరి పనికి టికెట్ మొదటి రోజే రాసి పేరు తగిలించండి. సగం దూరం వెళ్లి రెండు కాలమ్‌లతో ఏళ్లు గడిపే టేబుళ్లకు కొదవలేదు. కొత్తగా చేరినవాళ్లకు ఏది నిజమో చెప్పేవాళ్లే ఉండరు.

ప్రశ్న: చిన్న చిన్న పనులకు కూడా ఇతరులు రాసిపెట్టిన లైబ్రరీ వేసుకుంటున్నాం. సీనియర్ ఒకాయన అన్నీ సొంతంగా రాయాలంటారు. ఎక్కడ గీత గీయాలి?

జవాబు: 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండారం ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్‌ప్యాడ్ అనే ప్యాకేజీని దాని రచయిత తీసేశారు. 11 లైన్ల కోడ్, పదానికి ఎడమపక్క ఖాళీలు చేర్చడం దాని పని. దానిమీద ఎక్కడో అడుగున ఆధారపడ్డ ప్రాజెక్టుల బిల్డ్‌లు ప్రపంచమంతా ఆగిపోయాయి. అది చూసి అన్నీ సొంతంగా రాస్తామనడం మాత్రం ఇంకో చివరకు పోవడం. పాస్‌వర్డ్ హ్యాషింగ్, ఎన్‌క్రిప్షన్, తేదీలూ టైమ్ జోన్లూ, యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రమాణం), ఇవి నాలుగూ సొంతంగా రాయకండి. వీటిలో తప్పు చేసినా టెస్టుల్లో పట్టుబడదు, రెండేళ్ల తర్వాత బయటపడుతుంది. సాయంత్రంలోగా రాసి, టెస్టులతో సహా 50 లైన్లలో ముగిసేదైతే మీరే రాసుకోండి.

మధ్యలో ఉన్నవాటికి పది నిమిషాలు కేటాయించి చూడండి. ఆఖరి రిలీజ్ ఎప్పుడు? రిలీజ్ చేసే హక్కున్నవాళ్లు ఒక్కరేనా? లైసెన్స్ మీ ప్రొడక్ట్‌కి పడుతుందా? అది తనతో ఇంకా ఎన్నింటిని లాక్కొస్తుంది? ఈ చివరి ప్రశ్నే జనం అడగరు. 2021 డిసెంబర్‌లో జావా ప్రోగ్రాములు వాడే లాగింగ్ లైబ్రరీ లాగ్‌ఫోర్‌జేలో లోపం బయటపడ్డప్పుడు ప్యాచ్ వేయడం పెద్ద పని కాలేదు. ఆ లైబ్రరీ తమ దగ్గర ఎక్కడెక్కడ ఉందో, ఏ లైబ్రరీ కడుపులో ఉందో కనిపెట్టడమే కష్టమైంది. కాబట్టి లాక్ ఫైల్‌ని (ఏ లైబ్రరీ ఏ వెర్షనో రాసుండే ఫైల్) రిపాజిటరీలో పెట్టండి, ప్రతి బిల్డ్‌లోనూ లోపల ఏమేం ఉన్నాయో జాబితా తయారయ్యేలా చూడండి. అప్‌డేట్లు నెలకోసారి కొద్దికొద్దిగా చేస్తే గంట పని. మూడేళ్లు పేరబెట్టి ఒకేసారి చేస్తే అది ప్రాజెక్టు అవుతుంది, దాన్ని ఎవరూ నెత్తికెత్తుకోరు.

పేమెంట్లు, ఎస్సెమ్మెస్‌లు లాంటి బయటి సర్వీసుల్ని మీ కోడ్‌లో ఒకే మాడ్యూల్ గుండా పిలవండి. రేపు సర్వీస్ మార్చాల్సొస్తే ఆ ఒక్క చోటే మారుతుంది. అలాగని డేటాబేస్ దగ్గర్నుంచి లాగింగ్ దాకా ప్రతిదానికీ ముసుగు తొడగకండి. ఎన్నడూ మార్చనిదానికి పెట్టిన ముసుగు చదివేవాళ్లకు అడ్డం తప్ప ప్రయోజనం లేదు.

ప్రశ్న: ఎవరూ వాడని పాత కోడ్ చాలా ఉంది. "పడుంటే నష్టమేంటి" అంటారు. నిజమేనా?

జవాబు: 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. 2003లోనే వాడకం మానేసిన ఫంక్షన్ వాళ్ల సర్వర్లలో అలాగే పడుంది. కొత్త ఫీచర్‌కి ఆ ఫంక్షన్ తాలూకు పాత ఫ్లాగ్‌నే మళ్లీ వాడారు. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ అందలేదు. ఫ్లాగ్ వెలగగానే ఆ ఒక్క సర్వర్‌లో పాత ఫంక్షన్ నిద్రలేచి ఆర్డర్ల మీద ఆర్డర్లు పంపింది. ఇందులో మూడు పాఠాలున్నాయి: చచ్చిన కోడ్ తీసేయాలి, ఫ్లాగ్ పేరు మళ్లీ వాడకూడదు, అన్ని సర్వర్లలోనూ ఒకే వెర్షన్ ఉందో లేదో మెషీనే సరిచూడాలి.

తీసేసే పద్ధతి: ఆ కోడ్ మొదట్లో ఒక కౌంటర్ పెట్టండి. నెలాఖరు, త్రైమాసికం, వీలైతే ఏడాది చివర కూడా దాటనివ్వండి. ఏడాదికి ఒక్కసారే నడిచే రిపోర్టు ఈ చూపుకి అందక చచ్చిన కోడ్‌లా కనిపిస్తుంది. కౌంటర్ కదలకపోతే తీసేయండి. ఆ తీసివేత ఒక్కటే ఒక కమిట్‌గా ఉండాలి, వేరే మార్పులతో కలపొద్దు. అప్పుడు తిరిగి తెచ్చుకోవడం ఒక్క కమాండ్ పని. కామెంట్‌లో పెట్టి దాచుకోవడం అక్కర్లేదు, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ ఉన్నది అందుకే.

ప్రశ్న: మా ప్రొడక్ట్ వయసు తొమ్మిదేళ్లు. ముట్టుకుంటే పగిలేలా ఉంది. మొత్తం తిరగరాద్దామని టీమంతా పట్టుబడుతోంది. ఆరు నెలలు చాలంటున్నారు.

జవాబు: ఆ ఆరు నెలలు రెండేళ్లవుతుంది. నెట్‌స్కేప్ బ్రౌజర్ వాళ్లు 1998లో కోడ్ మొత్తం తిరగరాయడానికి పూనుకున్నారు. వెర్షన్ 5 రానే లేదు, 2000 నవంబర్‌లో నేరుగా వెర్షన్ 6 వచ్చింది. ఈలోగా మార్కెట్ చేజారింది.

తొమ్మిదేళ్ల కోడ్‌లో వికారంగా కనిపించే ప్రతి షరతు వెనకా ఎవరో ఒక కస్టమర్ ఫిర్యాదు ఉంటుంది. అది ఎక్కడా రాసి ఉండదు, ఆ కోడ్‌లోనే ఉంటుంది. తిరగరాస్తే ముందు ఆ ఫిర్యాదులన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ వస్తాయి.

ముక్కలుగా మార్చండి. పాతదాని ముందు ప్రాక్సీ (రిక్వెస్టులందుకుని దారి మళ్లించే సర్వర్) పెట్టి, మొదట అన్నీ పాతదానికే పంపండి. ఏ మార్పూ లేకుండా రెండు వారాలు అలాగే నడవనివ్వండి, ప్రాక్సీ తాలూకు తిప్పలు విడిగా తేలిపోతాయి. తర్వాత ఒక చిన్న దారి ఎంచుకోండి. రాయడం లేకుండా చదవడమే ఉన్నదైతే మేలు, ప్రొడక్ట్ జాబితా లాంటిది. ఆ దారికి ఇప్పుడున్న కోడ్ ఏమిస్తుందో అచ్చంగా పట్టుకునే టెస్టులు రాయండి. తప్పుగా ఇస్తున్నా సరే, ఆ తప్పునే టెస్టులో రాయండి. దాన్ని నమ్ముకుని ఎవరి ఎక్సెల్ షీట్ నడుస్తోందో మీకు తెలియదు. కొత్త కోడ్‌ని పక్కన నడిపి, అవే రిక్వెస్టులు దానికీ పంపి, జవాబు పాతదాంట్లోంచే ఇస్తూ తేడాలు మాత్రం లాగ్ చేయండి. తేడాలు అర్థమయ్యాక 1 శాతం, 10 శాతం, సగం, మొత్తం. ఆ ముక్క పాత కోడ్ తీసేశాకే రెండో ముక్క మొదలుపెట్టాలి. ఈ నియమం పాటించకపోతే రెండు సిస్టమ్‌లు మోయాల్సివస్తుంది.

మొత్తంగా తిరగరాయడం సబబయ్యే సందర్భాలూ లేకపోలేదు. మూడు వారాల్లో అయిపోయేంత చిన్నదైతే, లేదా కింద ఉన్న ప్లాట్‌ఫామ్‌కే కాలం చెల్లిపోతే.

ప్రశ్న: మా యాప్‌లో తెలుగు పేర్లు మధ్యలో తెగిపోతున్నాయి. ఇంగ్లిష్ పేర్లు బాగానే ఉన్నాయి. ఫీల్డ్ 30 అక్షరాలే.

జవాబు: 30 వేటికి అన్నదే తేలాలి. "శ్రీ" కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో శ, పొల్లు, ర, ఈత్వం కలిపి నాలుగు కోడ్ పాయింట్లు (ఒక్కో గుర్తుకొక నంబరు). ఆ నంబర్లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి 3 బైట్లు కాబట్టి 12 బైట్లు. మీ డేటాబేస్ బైట్లు లెక్కపెడుతుంటే 30లో మూడో "శ్రీ" పూర్తి కాకముందే చోటు అయిపోతుంది. పోస్ట్‌గ్రెస్ కోడ్ పాయింట్లు లెక్కపెడుతుంది, ఒరాకిల్ మామూలుగా బైట్లు. పేరుకు కనీసం 200 కోడ్ పాయింట్లు పట్టే చోటివ్వండి, చోటు చవకే. స్క్రీన్ మీద కుదించాలంటే కోడ్ పాయింట్ దగ్గర కోయొద్దు, "శ్" మిగులుతుంది. గ్రాఫీమ్ క్లస్టర్ (కంటికి ఒక్క అక్షరంగా కనిపించేది) దగ్గర కోసే ఫంక్షన్ వాడండి. అయితే వత్తుల్ని మూల అక్షరంతో కలిపి ఒకే క్లస్టర్‌గా చూడడం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచే. పాత లైబ్రరీ అయితే "శ్", "రీ" అని రెండుగానే తుంచుతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడేవాళ్లకు ఇంకో మాట: అందులో యూటీఎఫ్8 అన్న పాత పేరు 3 బైట్ల వరకే. తెలుగు పడుతుంది, ఎమోజీ పడదు. యూటీఎఫ్8ఎంబీ4 ఎంచుకోండి.

ప్రశ్న: బ్యాకప్‌లు రోజూ తీస్తున్నాం. ఇంకేం చేయాలి?

జవాబు: తిరిగి ఎక్కించి చూశారా? 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సర్వీస్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు రెప్లికా అనుకుని అసలు డేటాబేస్ ఫోల్డర్ చెరిపేశారు. రోజువారీ డంప్ (డేటా మొత్తాన్ని ఫైల్‌లోకి దించిన కాపీ) కోసం చూస్తే అది చాలాకాలంగా ఫెయిలవుతోంది. డంప్ ప్రోగ్రామ్ వెర్షన్, డేటాబేస్ వెర్షన్ వేరు. ఫెయిలైన సంగతి చెప్పే మెయిళ్లు కూడా మెయిల్ సర్వర్ తిరస్కరించడంతో ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు చేత్తో తీసిన కాపీ ఒకటి దొరికింది. ఈ వివరాలన్నీ ఆ సంస్థే దాచకుండా బయటపెట్టింది, అది మెచ్చుకోదగ్గ పని.

కాబట్టి అలారం "ఫెయిలైంది" అన్న కబురు మీద పెట్టకండి. "సక్సెస్ అయింది" అన్న కబురు 26 గంటలుగా రాకపోతే మోగేలా పెట్టండి. నెలకోసారి ఖాళీ మెషీన్‌లోకి బ్యాకప్ ఎక్కించి మూడు చూడండి: ఎంతసేపు పట్టింది, ముఖ్యమైన టేబుళ్లలో ఎన్ని రికార్డులున్నాయి, అన్నిటికన్నా కొత్త రికార్డు ఎప్పటిది. ఒక కాపీ వేరే అకౌంట్‌లో, వేరే పాస్‌వర్డ్‌తో ఉండాలి. అన్నీ ఒకే అకౌంట్‌లో ఉంటే అసలును చెరిపిన చేయే కాపీలనూ చెరపగలదు.

ప్రశ్న: "అకౌంట్ మూసేయండి" బటన్‌ని ఐదు పేజీల లోపల దాచమని పైనుంచి చెప్పారు. చేయాలని లేదు, ఎదురుచెప్పే ధైర్యమూ లేదు.

జవాబు: నీతి గురించి మాట్లాడితే చర్చ మనుషుల మీదికి మళ్లుతుంది. లెక్కలతో వెళ్లండి. మూసేసే దారి దొరక్క సపోర్ట్‌కి వచ్చిన టికెట్లు నెలకెన్ని, కార్డు కంపెనీ ద్వారా డబ్బు వెనక్కి లాగేసుకున్నవాళ్లెందరు, యాప్ స్టోర్‌లో ఒక్క స్టార్ రివ్యూల్లో ఈ మాట ఎన్నిసార్లొచ్చింది. దాంతోపాటు ప్రత్యామ్నాయం తీసుకెళ్లండి: మూసేసే పేజీలో "మూడు నెలలు ఆపి ఉంచండి" అన్న ఎంపిక, డేటా డౌన్‌లోడ్, మనసు మార్చుకోవడానికి 30 రోజులు. అయినా దాచమంటే ఆ మాట రాతలో ఇమ్మనండి. రాయాల్సొచ్చేసరికి వెనక్కి తగ్గేవాళ్లు చాలామంది.

బటన్ బయటికి తెచ్చాక అసలు పని మొదలవుతుంది. మూసేసిన మనిషి డేటా ఒక్క టేబుల్‌లోనే ఉండదు. సెర్చ్ ఇండెక్స్, లాగ్‌లు, అనలిటిక్స్, మెయిళ్లు పంపే సర్వీస్, బ్యాకప్‌లు. ఎక్కడెక్కడ ఉందో పటం గీసుకోండి. బ్యాకప్ లోపల ఒక్కరి రికార్డు తుడవడం కుదరదు కాబట్టి, చెరిపిన ఐడీల జాబితా విడిగా దాచి, బ్యాకప్ ఎక్కించిన ప్రతిసారీ ఆ జాబితాను మళ్లీ అమలు చేయండి. లేకపోతే వెళ్లిపోయినవాళ్లు ఒకరోజు లేచొచ్చి మీ ప్రచార మెయిళ్లు అందుకుంటారు.

ప్రశ్న: డాక్యుమెంటేషన్ రాయమంటారు, రాస్తే ఎవరూ చదవరు. ఎంత రాయాలి?

జవాబు: కోడ్ ఏం చేస్తుందో కోడ్ చదివితే తెలుస్తుంది. ఎందుకలా చేసిందో, ఏది వద్దనుకున్నారో తెలియదు. పెద్ద నిర్ణయానికొక పేజీ, అంతే: అప్పటి పరిస్థితి, తీసుకున్న నిర్ణయం, చూసి వదిలేసినవి, ఏది మారితే మళ్లీ ఆలోచించాలి. కోడ్ ఉన్న రిపాజిటరీలోనే, తేదీతో ఉంచండి. పాతబడితే దిద్దకండి, కొత్త పేజీ రాసి పాతదాంట్లో దాని నంబరు వేయండి. రెండోది, రాత్రి రెండింటికి అలారం మోగితే చూడాల్సిన పేజీ. అందులో వివరణలొద్దు, కమాండ్లుండాలి. కొత్తగా చేరినవాళ్లచేత దాన్ని ఒకసారి నడిపించండి, తప్పులు అప్పుడే తేలతాయి.

ప్రశ్న: 2038 సమస్య అంటున్నారు. ఇప్పటినుంచే కంగారు పడాలా?

జవాబు: 1970 జనవరి 1 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టే చోట 2038 జనవరి 19, యూటీసీలో 03:14:07 తర్వాతి సెకను 1901 డిసెంబర్ 13కి దొర్లుతుంది. మీ ప్రొడక్ట్‌లో భవిష్యత్తు తేదీలుంటే అది ఇప్పటి సమస్యే. పదిహేనేళ్ల రుణం, ఇరవయ్యేళ్ల వారంటీ ఈపాటికే ఆ తేదీ దాటాయి. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ టైప్ అక్కడితోనే ఆగుతుంది, డేట్‌టైమ్ 9999 దాకా వెళ్తుంది. స్కీమాలో 32 బిట్ల సమయ కాలమ్‌లు, మీ సొంత బైనరీ ఫైల్ ఫార్మాట్‌లు, ఫీల్డ్‌లో ఉన్న 32 బిట్ల పరికరాలు, ఈ వరసలో వెతకండి. కాలమ్ మార్చాల్సొస్తే పైన ఆర్డర్ల టేబుల్‌కి చెప్పిన పద్ధతే.

పరీక్ష కోసం టెస్ట్ సర్వర్ గడియారాన్నే 2038 జనవరి 20కి జరిపితే మొదట పడిపోయేవి కనెక్షన్ భద్రత కోసం వాడే టీఎల్‌ఎస్ సర్టిఫికెట్లు, లాగిన్ టోకెన్లు. అవన్నీ గడువు తీరినవి, అసలు బగ్ వాటి కింద కప్పబడిపోతుంది. సమయాన్ని కోడ్‌లో ఒకే ఫంక్షన్ నుంచి తీసుకునేలా ముందే రాసుకుంటే ఆ ఒక్క ప్రాసెస్‌కే తేదీ మార్చి చూడొచ్చు.